వర్క్‌హౌస్, అసైలం రికార్డుల్లో మేధోవైకల్యం ఉన్న పూర్వీకుల జాడ: ఖర్చు పెట్టింది ఎవరో వాళ్ల దగ్గరే కాగితం

ఇంగ్లండ్‌లో వంశవృక్షం తయారు చేసుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. 1871 జనగణనలో ఒక కుటుంబం దొరుకుతుంది. అమ్మ, నాన్న, నలుగురైదుగురు పిల్లలు. వాళ్లలో ఒక బిడ్డ పేరుకు ఎదురుగా చివరి గడిలో 'ఇడియట్' అనో 'ఇంబిసైల్' అనో రాసి ఉంటుంది. పదేళ్ల తర్వాతి లెక్కల్లో ఆ బిడ్డ ఇంట్లో కనిపించడు. పెళ్లయిన దాఖలా లేదు, ఆ ఊళ్లో చనిపోయినట్టు నమోదు లేదు. తర్వాతి తరాలవాళ్లు ఆ పేరు విననే లేదంటారు.

1921 జనగణన పత్రాలు 2022 జనవరిలో బయటికి వచ్చాక ఈ చిక్కు ఇంకాస్త పెరిగింది. అప్పటిదాకా ప్రతి పదేళ్లకూ ఉంటూ వచ్చిన వైకల్యం గడి ఆ లెక్కల్లో లేదు. మనిషి పేరు దొరికినా అతని పరిస్థితి ఏమిటన్నది ఇక ఆ కాగితం చెప్పదు.

క్లుప్తంగా: ఇలాంటి వ్యక్తుల గురించి రికార్డులు లేకపోవడం అరుదు. అవి వెతికే చోట ఉండకపోవడమే మామూలు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక మనిషిని ఎక్కడ ఉంచాలన్నది చాలావరకు ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదాన్ని బట్టే తేలింది. చట్టం మారి ఖర్చు భారం చేతులు మారిన ప్రతిసారీ మనిషి కూడా ఒక భవనం నుంచి ఇంకో భవనానికి (వర్క్‌హౌస్ అనే పేదల ఆశ్రయం నుంచి అసైలం అనే మానసిక రోగుల సంస్థకు), ఒక రిజిస్టరు నుంచి ఇంకో రిజిస్టరుకు వెళ్లాడు. అందుకే 1834, 1845, 1874, 1886, 1913 సంవత్సరాలు తెలిస్తే సగం దారి తెలిసినట్టే.

జనగణన గడిని ఎంతవరకు నమ్మాలి

1851, 1861 జనగణనల్లో చివరి గడి అంధులు, చెవిటి-మూగవారి కోసమే ఉండేది. 1871లో 'ఇంబిసైల్ లేక ఇడియట్', 'లూనటిక్' అనే మాటలు చేరాయి. 1901లో 'ఇడియట్' తీసేసి 'ఫీబుల్-మైండెడ్' పెట్టారు. ఇవన్నీ ఆనాటి అధికారిక మాటలే. ఇప్పుడు తిట్లుగా వినిపించినా రికార్డుల్లో వెతకాలంటే వాటినే టైపు చేయాలి. స్థూలంగా ఇడియట్ అంటే పుట్టుకతోనే తీవ్రమైన మేధోవైకల్యం ఉన్నవాళ్లు, ఇంబిసైల్ అంటే అంతకంటే తక్కువ తీవ్రత ఉన్నవాళ్లు, ఫీబుల్-మైండెడ్ అంటే ఇంకా తేలికపాటి ఇబ్బంది ఉన్నవాళ్లు. లూనటిక్ అంటే మానసిక వ్యాధి ఉన్నవాళ్లు.

చట్టాలు రాసినవాళ్లకు ఈ తేడాలు తెలిసినా గడి నింపినవాళ్లకు తెలియాలని లేదు. ఇంటి కాగితం నింపేది ఇంటి పెద్ద. చిన్నపిల్లల విషయంలో తల్లిదండ్రులు నిజం ఒప్పుకోవడానికి ఇష్టపడరని అప్పటి జనగణన అధికారులకే అనుమానం. కాబట్టి గడి ఖాళీగా ఉందంటే వైకల్యం లేదని కాదు. గడిలో రాసి ఉన్నా అది మేధోవైకల్యమేనన్న హామీ లేదు. మూర్ఛ, చెవుడు, సెరిబ్రల్ పాల్సీ, థైరాయిడ్ లోపం వల్ల ఆగిపోయిన ఎదుగుదల, అన్నీ ఆ ఒక్క మాట కిందికే వచ్చేవి.

జేమ్స్ హెన్రీ పులెన్ (1835–1916) విషయమే చూడండి. వినికిడి, మాట రెండూ సరిగా లేని ఈయన ఎర్ల్స్‌వుడ్ ఇడియట్ అసైలంలో జీవితంలో ఎక్కువ భాగం గడిపారు. వడ్రంగంలో ఎంత నేర్పరి అంటే 'గ్రేట్ ఈస్టర్న్' ఓడ నమూనాను సూక్ష్మమైన భాగాలతో సహా చెక్కి నిలబెట్టారు. 'ఎర్ల్స్‌వుడ్ మేధావి' అని పేరొచ్చింది. అయినా అధికారికంగా ఆయన మీద ఉన్న ముద్ర 'ఇడియట్' అన్నదే.

1911 జనగణనది వేరే కథ. అందులో వైకల్యం ఏ వయసులో మొదలైందో కూడా రాయమన్నారు. 'పుట్టుక నుంచి' అని ఉంటే అది మేధోవైకల్యానికి బలమైన సూచన. ముప్పై ఏళ్లకు మొదలైందని ఉంటే ఆలోచన వేరే దిక్కుకు మళ్లాలి. 2009లో ఆ పత్రాలు ఆన్‌లైన్‌లోకి వచ్చినప్పుడు ఈ గడిని కప్పేసి చూపించారు, 2012లో తెరిచారు. ముందే చూసి వదిలేసినవాళ్లు మళ్లీ ఒకసారి చూడటం మంచిది.

సంస్థల్లో ఉన్నవాళ్ల విషయంలో ఇంకో అడ్డంకి కూడా ఉంది. కొన్ని అసైలాలు, ముఖ్యంగా 1851, 1861 లెక్కల్లో, పేర్లు ఇవ్వకుండా పొడి అక్షరాలు మాత్రమే ఇచ్చాయి. 'జె. హెచ్., 23, అవివాహితుడు' అని ఉంటే కంప్యూటర్ సెర్చ్‌లో దొరకడు. ఆ సంస్థ పేజీలన్నీ తిప్పి వయసు, పుట్టిన ఊరు సరిపోల్చుకోవాల్సిందే.

వర్క్‌హౌస్‌లో ఎందుకు ఉండిపోయారు

1834 పేదల చట్టం పారిష్‌లను (ఒక్కో చర్చి పరిధిలోని స్థానిక ప్రాంతాలను) యూనియన్లుగా కలిపింది. ప్రతి యూనియన్‌కూ పేదల సాయం చూసుకునే, ఎన్నికైన గార్డియన్ల బోర్డు, ఒక వర్క్‌హౌస్ ఏర్పడ్డాయి. సాయం కావాలంటే లోపలికి రావాలి, లోపల బతుకు బయటి కూలివాడి బతుకు కంటే హీనంగా ఉండాలి, అప్పుడే సోమరులు రారు. చట్టం వెనకున్న లెక్క ఇది. పుట్టుకతోనే వైకల్యం ఉన్నవాళ్లు ఈ లెక్కలో ఎక్కడ సరిపోతారన్న ప్రశ్నకు చట్టం దగ్గర సరైన జవాబు లేదు.

ఒక నిబంధన మాత్రం ఉంది. ప్రమాదకరమైన లూనటిక్‌ను, మతి చెడినవారిని, ఇడియట్‌ను 14 రోజులకు మించి వర్క్‌హౌస్‌లో ఉంచకూడదు. ఆ మొదట్లో ఉన్న 'ప్రమాదకరమైన' అన్న మాట ముగ్గురికీ వర్తిస్తుందని అర్థం చెప్పుకున్నారు. అంటే ఎవరికీ హాని చేయని ఇడియట్ ఎన్నేళ్లయినా ఉండొచ్చన్నమాట. 1845 చట్టాలు ప్రతి కౌంటీలో (మన జిల్లా లాంటిది) అసైలం కట్టి తీరాలన్నాయి. కానీ అసైలంలో ఒక మనిషికయ్యే వారం ఖర్చు వర్క్‌హౌస్ ఖర్చు కంటే చాలా ఎక్కువ, ఆ బిల్లు మళ్లీ యూనియనే కట్టాలి. గోల చేయనివాణ్ని, కొట్టనివాణ్ని అక్కడికి పంపడం గార్డియన్లకు దండగగా కనిపించింది.

ఇందులో ఇంకో స్వార్థం కూడా ఉంది. బట్టలు ఉతకడం, నేల తుడవడం, ముసలివాళ్లకు అన్నం తినిపించడం లాంటి పనులు వర్క్‌హౌస్‌లో చాలాచోట్ల 'బుద్ధి బలహీనం' అని ముద్ర పడ్డ ఆడామగా చేసేవాళ్లు. జీతం లేని, ఎక్కడికీ పోని పనివాళ్లు వాళ్లు. ఒంట్లో సత్తువ ఉన్న మామూలు పేదలు పని దొరగ్గానే వెళ్లిపోయేవాళ్లు.

దీనికి సాక్ష్యంగా 1861లో పార్లమెంటు అడిగి తెప్పించుకున్న ఒక జాబితా ఉంది. ఇంగ్లండ్, వేల్స్ వర్క్‌హౌస్‌లలో ఐదేళ్లకు తగ్గకుండా ఏకధాటిగా ఉన్న పెద్దవాళ్లందరి పేర్లు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎందుకు తమను తాము పోషించుకోలేరు అన్న వివరాలతో అచ్చయింది. 14 వేలకు పైగా పేర్లు. కారణం గడిలో వృద్ధాప్యం తర్వాత పదేపదే కనిపించేది 'వీక్ మైండ్', 'ఇడియట్' అన్న మాటలే. యూనియన్ల వారీగా ఉన్న ఈ జాబితా వంశచరిత్ర వెతికేవాళ్లకు బంగారు గని లాంటిది. అయినా చాలామంది చూడరు, ఎందుకంటే ఇది ఆసుపత్రి రికార్డు కాదు, పార్లమెంటు పత్రం.

వారానికి 4 షిల్లింగులు

1874లో ప్రభుత్వం లెక్కను తలకిందులు చేసింది. అసైలంలో ఉంచిన ప్రతి పేద రోగికీ వారానికి 4 షిల్లింగుల చొప్పున కేంద్ర ఖజానా నుంచి యూనియన్‌కు గ్రాంటు ఇచ్చింది. వర్క్‌హౌస్‌లో ఉంచితే ఆ డబ్బు రాదు. దాంతో అప్పటిదాకా వర్క్‌హౌస్‌లోనే పడి ఉన్న నెమ్మదస్తులను కూడా అసైలాలకు పంపడం మొదలైంది. తమ దగ్గర నయం చేయాల్సిన రోగులకు చోటు లేకుండా పోతోందని అసైలం డాక్టర్లు ఫిర్యాదు చేశారు.

వెతికేవాళ్లకు దీనివల్ల ఒక మేలుంది. ఇరవై ఏళ్లుగా వర్క్‌హౌస్‌లో ఉన్న మనిషి 1875లోనో 1876లోనో ఉన్నట్టుండి అసైలంలో తేలితే, ఆ ఏడాది అతని ఆరోగ్యం పాడైందని అనుకోనక్కర్లేదు. మారింది గ్రాంటు నిబంధన కావచ్చు.

లండన్‌ది మరో దారి. 1867 చట్టంతో ఏర్పడ్డ మెట్రోపాలిటన్ అసైలమ్స్ బోర్డు 1870లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో లీవ్స్‌డెన్, సర్రీలో కేటరమ్ అనే రెండు పెద్ద అసైలాలు తెరిచింది. ఇవి ముఖ్యంగా లండన్ వర్క్‌హౌస్‌ల నుంచి వచ్చే ఇంబిసైల్స్ కోసం. తర్వాత పిల్లల కోసం కెంట్‌లో డేరెంత్ వచ్చింది. కాబట్టి లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో పుట్టినవాడి మరణ నమోదు వాట్‌ఫర్డ్, గాడ్‌స్టోన్, డార్ట్‌ఫర్డ్ జిల్లాల్లో ఉండే అవకాశం ఎక్కువ. లండన్‌లో దొరకలేదని ఆగిపోకుండా ముందు ఆ మూడు జిల్లాలు చూడాలి.

ఏ కాగితంలో ఏముంటుంది

వర్క్‌హౌస్ అడ్మిషన్-డిశ్చార్జి రిజిస్టరు మొదటి మెట్టు. తేదీ, పేరు, వయసు, వృత్తి, ఏ పారిష్ నుంచి వచ్చాడు, ఎవరి ఉత్తర్వు మీద చేర్చుకున్నారు, ఎలా వెళ్లాడు అన్నవి అందులో ఉంటాయి. రోజువారీగా రాసినవి కాబట్టి తేదీ తెలియకపోతే వెతకడం కష్టం. 1860ల చివర నుంచి వచ్చిన మత వివరాల రిజిస్టర్లు ఇంటిపేరు మొదటి అక్షరం వారీగా ఉంటాయి, వాటి ద్వారా తేదీ పట్టుకుని అసలు రిజిస్టరుకు వెళ్లడం సులువు.

డిశ్చార్జి గడిలో 'అసైలం' అని ఉంటే తర్వాతి మెట్టు అసైలం చేరిక పత్రాలు. పేద రోగిని పంపాలంటే యూనియన్ రిలీవింగ్ ఆఫీసరు (పేదలకు సాయం అందించే అధికారి) మేజిస్ట్రేటుకు చెప్పాలి, డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి, మేజిస్ట్రేటు ఉత్తర్వు రాయాలి. వీటికి తోడు ఒక వివరాల పత్రం ఉంటుంది. మొదటిసారి జబ్బు ఏ వయసులో వచ్చింది, ఇప్పటి జబ్బు ఎన్నాళ్లుగా ఉంది, కారణం ఏమనుకుంటున్నారు, మూర్ఛ ఉందా, ఆత్మహత్య ప్రయత్నం చేశాడా, ఇతరులకు ప్రమాదమా, దగ్గరి బంధువు ఎవరు, చిరునామా ఏమిటి. 'ఎన్నాళ్లుగా' అన్న ప్రశ్నకు 'జీవితమంతా', 'కంజెనిటల్' (పుట్టుకతో వచ్చినది) అనే జవాబు ఉంటే విషయం స్పష్టం. 'కారణం' గడిని మాత్రం జాగ్రత్తగా చదవాలి. గర్భంతో ఉండగా తల్లి భయపడిందని, పసితనంలో కింద పడేశారని రాసిన కారణాలు అప్పటి నమ్మకాలే తప్ప వైద్య నిర్ధారణలు కావు.

కేసు బుక్కుల్లో మొదటి నెల రెండు పేజీలు రాస్తారు, తర్వాత ఏడాదికో వాక్యం. 'మార్పు లేదు. లాండ్రీలో పనిచేస్తోంది.' మళ్లీ ఏడాదికి అదే. నయమయ్యే అవకాశం లేదనుకున్నవాళ్ల గురించి డాక్టర్లు కొత్తగా రాసేది పెద్దగా ఉండేది కాదు. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి చాలా అసైలాల్లో ఫొటో కూడా అతికించేవాళ్లు. పేద కుటుంబంలో ఆ తరం మనిషికి మిగిలిన ఒకే ఒక్క ఫొటో అదే అయ్యే సందర్భాలున్నాయి.

ఏ అసైలమో తెలియనప్పుడు లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పత్రాల భాండాగారం) లోని 'ఎంహెచ్ 94' రిజిస్టర్లు పనికొస్తాయి. లూనసీ కమిషనర్లు (అసైలాలను పర్యవేక్షించే ప్రభుత్వ అధికారులు) 1846 నుంచి దేశమంతటి అసైలాల్లో చేరినవాళ్ల పేర్లు ఇందులో నమోదు చేయించారు. సంస్థ పేరు, చేరిన తేదీ, వెళ్లిన లేదా చనిపోయిన తేదీ ఉంటాయి. వర్క్‌హౌస్ వార్డుల్లోనే ఉండిపోయినవాళ్లు మాత్రం సాధారణంగా ఇందులోకి ఎక్కరు.

వీటన్నిటి కంటే ఎక్కువ కబుర్లు చెప్పేది 'సెటిల్‌మెంట్' విచారణ. ఒక యూనియన్ నుంచి అసైలానికి పంపిన మనిషి నిజానికి ఇంకో పారిష్‌కు చెందినవాడని తేలితే బిల్లు అక్కడికి వెళ్తుంది. అందుకే గుమాస్తాలు తండ్రిని, తాతను కూడా వదలకుండా ఆరా తీసేవాళ్లు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ అద్దెకున్నారు, పెళ్లి ఏ చర్చిలో అయింది, అన్నీ సాక్ష్యాలతో. మనిషి మీద శ్రద్ధతో కాదు, వారానికి కొన్ని షిల్లింగులు తప్పించుకోవడానికి. ఆ పిసినారితనమే ఇవాళ మూడు తరాల చరిత్రను ఒక్క కాగితం మీద దొరికేలా చేసింది.

డబ్బున్నవాళ్లు, ఓట్లు తెచ్చుకున్నవాళ్లు

పేదల చట్టం కిందికి రాని మధ్యతరగతి కుటుంబాలకు విరాళాలతో నడిచే ప్రత్యేక అసైలాలు ఉండేవి. సర్రీలోని రెడ్‌హిల్ దగ్గర 1855లో తెరుచుకున్న ఎర్ల్స్‌వుడ్ వీటిలో పేరున్నది. కోల్చెస్టర్, స్టార్‌క్రాస్, లాంకాస్టర్‌లలో కూడా ఇలాంటివి వచ్చాయి. డబ్బు కట్టలేనివాళ్లకు సీటు ఎన్నికల ద్వారా దక్కేది. చందాదారులకు చందా మొత్తాన్ని బట్టి ఓట్లు. కుటుంబాలు బిడ్డ పరిస్థితిని వివరిస్తూ కార్డులు అచ్చేయించి ఇంటింటికీ పంపేవి. గెలిచినా సీటు కొన్నేళ్ల గడువుకే. గడువు తీరాక పేద కుటుంబం బిడ్డ మళ్లీ వర్క్‌హౌస్‌కో కౌంటీ అసైలానికో చేరడం మామూలే. అంటే ఒకే మనిషి పేరు మూడు రకాల రికార్డుల్లో ఉండొచ్చు. ఎర్ల్స్‌వుడ్ పత్రాలు వోకింగ్‌లోని సర్రీ హిస్టరీ సెంటర్‌లో, లాంకాస్టర్ రాయల్ ఆల్బర్ట్‌వి ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

కుటుంబం దాచినదాన్ని సంస్థ రికార్డు ఎలా బయటపెడుతుందో చెప్పడానికి కూడా ఎర్ల్స్‌వుడ్డే ఉదాహరణ. రెండో ఎలిజబెత్ రాణికి తల్లి వైపు బంధువులైన నెరిస్సా, కాథరిన్ బౌస్-లయన్ అక్కాచెల్లెళ్లను 1941లో అక్కడ చేర్చారు. ప్రభువుల వంశావళి గ్రంథంలో మాత్రం ఒకరు 1940లో, మరొకరు 1961లో చనిపోయినట్టు అచ్చయింది. నిజానికి నెరిస్సా 1986 దాకా, కాథరిన్ 2014 దాకా బతికారు. రాజకుటుంబం బంధువుల విషయంలోనే ఇలా ఉంటే, ఇంట్లో చెప్పుకునే 'చిన్నప్పుడే పోయాడు' అన్న మాటను మరణ ధ్రువపత్రం చూడకుండా ఒప్పుకోవడానికి లేదు.

1913 తర్వాత మారిన దారి

1886 ఇడియట్స్ చట్టం మేధోవైకల్యాన్ని మానసిక వ్యాధి నుంచి కాగితం మీద వేరుచేసింది. అమలు అంతంతమాత్రం. అసలు మార్పు 1913 మెంటల్ డెఫిషియన్సీ చట్టంతో వచ్చింది. ఇడియట్, ఇంబిసైల్, ఫీబుల్-మైండెడ్, 'మోరల్ ఇంబిసైల్' (నీతి తెలియనివారని ముద్ర పడ్డవాళ్లు) అని నాలుగు తరగతులు పెట్టి, గుర్తించే బాధ్యతను కౌంటీ కమిటీలకు అప్పగించింది. 'బలహీన బుద్ధి' వంశపారంపర్యంగా పాకి జాతిని దిగజారుస్తుందన్న యూజెనిక్స్ భయం దీని వెనక బలంగా పనిచేసింది. పార్లమెంటులో జోసయా వెడ్జ్‌వుడ్ లాంటి కొద్దిమందే గట్టిగా అడ్డుపడ్డారు.

ఈ చట్టంలోని ఒక నిబంధన వంశచరిత్రలో చాలా ఖాళీలకు కారణం. పేదల సాయం పొందుతూ పెళ్లికాకుండా బిడ్డను కన్న స్త్రీకి 'డిఫెక్టివ్' ముద్ర వేస్తే, ఆమెను సంస్థలో నిర్బంధించవచ్చు. కాబట్టి 1914 తర్వాత రికార్డులో 'ఫీబుల్-మైండెడ్' అని కనిపించిన ప్రతి యువతికీ మేధోవైకల్యం ఉందనుకోవడం తప్పు. ఉత్తర్వును మొదట ఏడాదికొకసారి, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి పొడిగించాలి. ప్రతి పొడిగింపుకీ ఒక నివేదిక ఉంటుంది. పాత అసైలం కేసు బుక్కుల కంటే ఈ ఫైళ్లు లావుగా ఉండటానికి కారణం అదే. ఈ చట్టం 1959 దాకా నడిచింది.

మొదటి ప్రపంచయుద్ధం ఇంకో గందరగోళం తెచ్చింది. 1915 నుంచి చాలా అసైలాలను సైనికాసుపత్రులుగా మార్చి, ఉన్నవాళ్లను దూరపు కౌంటీలకు తరలించారు. కిక్కిరిసిన వార్డుల్లో, తిండి తగ్గిన రోజుల్లో 1918 నాటికి మరణాలు బాగా పెరిగాయి. ఆ మూడు నాలుగేళ్లలో జాడ తప్పితే పక్క కౌంటీ అసైలాల మరణ రిజిస్టర్లు కూడా చూడాలి.

1904 నుంచి వర్క్‌హౌస్‌లో పుట్టినవాళ్ల ధ్రువపత్రాల్లో ఆ మాట రాయకుండా ఏదో వీధి నంబరు రాయడం మొదలైంది. తర్వాత మరణాలకూ అదే పద్ధతి పాటించారు. ఆ చిరునామా నిజంగా ఇల్లేనా, వర్క్‌హౌస్ గేటా అన్నది స్థానిక పటంతో సరిచూసుకుంటే తెలిసిపోతుంది.

స్కాట్లండ్, ఐర్లండ్, మన దేశం

స్కాట్లండ్‌లో 1857 చట్టం తర్వాత అసైలాల్లో చేరినవాళ్లందరికీ ఒకే జాతీయ రిజిస్టరు ఉంది. అక్కడ చాలామందిని పల్లెల్లో రైతు కుటుంబాల దగ్గర డబ్బిచ్చి ఉంచేవాళ్లు కూడా. అందువల్ల జనగణనలో వేరే ఇంటిపేరు గల కుటుంబంలో 'బోర్డర్'గా (డబ్బు తీసుకుని ఇంట్లో ఉంచుకున్న మనిషిగా) కనిపించొచ్చు. ఐర్లండ్‌లో 19వ శతాబ్దపు జనగణన పత్రాలు చాలావరకు నాశనమయ్యాయి. 1901, 1911 పత్రాలు పూర్తిగా, ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నా, అసైలం పేజీల్లో పొడి అక్షరాలే.

మన దగ్గర ఇలా వెతకడం దాదాపు అసాధ్యం. బ్రిటిష్ పాలనలో కూడా జనగణన పిచ్చి, చెవుడు-మూగ, అంధత్వం, కుష్ఠు అనే నాలుగు లెక్కలు తీసింది. కానీ మొత్తాలు కట్టాక ఇంటింటి కాగితాలు ఉంచలేదు. జిల్లాలో ఎంతమందో తెలుస్తుంది, ఎవరో తెలియదు. చట్టం మాత్రం అక్కడి ఆలోచననే మోసుకొచ్చింది. 1912 భారత లూనసీ చట్టం ప్రకారం ఇడియట్ కూడా లూనటిక్కే. మేధోవైకల్యాన్ని మానసిక వ్యాధి నిర్వచనం నుంచి మన చట్టం తీసేసింది 1987లో. పైగా ఇక్కడ ఇలాంటి పిల్లల పోషణ చాలావరకు ఇంటి మీదే పడింది. పారిష్ బిల్లు కట్టే పద్ధతి లేదు కాబట్టి బిల్లు చుట్టూ పెరిగే ఫైలూ లేదు.

వందేళ్ల గడువు

బ్రిటన్‌లో రోగుల రికార్డులను సాధారణంగా వందేళ్లు మూసి ఉంచుతారు. ఈ వందేళ్లు లెక్కపెట్టేది మనిషి పుట్టిన ఏడాది నుంచి కాదు, చాలా ఆర్కైవ్స్‌లో ఆ పుస్తకంలోని చివరి నమోదు నుంచి. 1895లో మొదలైన కేసు బుక్కులో 1932 దాకా రాస్తూ పోతే 1895 పేజీ కూడా 2033 దాకా తెరుచుకోదు. ఈ సందర్భంలో దరఖాస్తు పెట్టొచ్చు. వెతుకుతున్న వ్యక్తి చనిపోయినట్టు ధ్రువపత్రం, బంధుత్వం చూపే కాగితాలు జతచేస్తే చాలాచోట్ల ఆర్కైవ్ సిబ్బందే పుస్తకం తెరిచి ఆ ఒక్క మనిషికి సంబంధించిన పేజీల నకలు పంపుతారు. గార్డియన్ల మినిట్స్ పుస్తకాలు (సమావేశాల నమోదులు), యూనియన్ జమాఖర్చులు రోగుల రికార్డుల లెక్కలోకి రావు, 1930లో ఆ బోర్డులు రద్దయ్యేదాకా ఉన్నవి చాలావరకు తెరిచే ఉన్నాయి. కేసు బుక్కుకు తాళం ఉంటే ముందుగా అడగాల్సింది వాటినే.